కేస్ కీనమ్: కాలేజీ ఫుట్‌బాల్‌లో 19,217 యార్డుల క్వార్టర్‌బ్యాక్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో స్థిరపడ్డ మనవాళ్ల ఇళ్లలో పిల్లలు హైస్కూల్‌కి వచ్చేసరికి శుక్రవారం రాత్రి అమెరికన్ ఫుట్‌బాల్ కూడా ఇంట్లోకి వచ్చేస్తుంది. క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగని నాన్నలు కూడా మెల్లగా రూల్స్ నేర్చుకుంటారు. నేనూ అలాగే మొదలుపెట్టి కేస్ కీనమ్ దగ్గర ఆగిపోయాను. అతని పేరెత్తితే చాలు, తెలిసినవాళ్లు మళ్లీ మళ్లీ ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

ఎవరీ కేస్ కీనమ్?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ పై అంచెలో ఒక కెరీర్ మొత్తం మీద అందరికన్నా ఎక్కువ పాసింగ్ యార్డులు సంపాదించిన క్వార్టర్‌బ్యాక్. క్వార్టర్‌బ్యాక్ అంటే జట్టు ఆటని నడిపిస్తూ బంతిని విసిరేవాడు, పాసింగ్ యార్డులంటే ఆ పాస్‌లతో బంతి ముందుకెళ్లిన దూరం. యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ తరఫున 2007 నుంచి 2011 దాకా ఆడాడు. మొత్తం 19,217 యార్డులు, 155 టచ్‌డౌన్ పాస్‌లు (టచ్‌డౌన్ అంటే బంతిని అవతలి కొసనున్న ఎండ్ జోన్‌లోకి చేర్చడం). విసిరిన 2,229 పాస్‌లలో 1,546 సరిగ్గా చేతికి చేరాయి. ఒకే సీజన్‌లో 5,000 యార్డులు దాటడమే గొప్ప అనుకుంటారు, ఇతను మూడు సీజన్లలో దాటాడు. అలా ఇంకెవరూ చేయలేదు.

పుట్టింది టెక్సస్‌లోని బ్రౌన్‌వుడ్‌లో, 1988 ఫిబ్రవరి 17న. పెరిగింది అబిలీన్‌లో. తండ్రి స్టీవ్ కీనమ్ అదే ఊళ్లోని మెక్‌మరీ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ కోచ్‌గా పనిచేశారు, అంటే ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఇదే గోల అన్నమాట.

19,217 యార్డులంటే అన్నీ అతను విసిరిన దూరమేనా?

కాదు, ఇది చాలామంది పొరబడే చోటు. క్వార్టర్‌బ్యాక్ పాస్ విసిరాక రిసీవర్ (పాస్ అందుకునే ఆటగాడు) పట్టుకుని పరుగెత్తిన దూరం కూడా ఆ పాస్ లెక్కలోకే వస్తుంది. ఐదు యార్డుల పాస్ పట్టుకుని రిసీవర్ అరవై యార్డులు ఉరికితే క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో అరవై అయిదు పడతాయి. కాబట్టి ఈ అంకెలో ప్యాట్రిక్ ఎడ్వర్డ్స్, టైరాన్ క్యారియర్ లాంటి హ్యూస్టన్ రిసీవర్ల కాళ్ల కష్టం కూడా బోలెడు ఉంది. మొత్తం కలిపితే దాదాపు పదిహేడున్నర కిలోమీటర్లు. బంతిని పది యార్డులు ముందుకు జరపడానికే ఇరవై రెండు మంది కుమ్ముకునే ఆటలో ఇది చిన్న దూరం కాదు.

హైస్కూల్‌లోనే పెద్ద స్టారా? కాలేజీలు ఎగబడ్డాయా?

స్టారే, కానీ ఎవరూ ఎగబడలేదు. 2004లో అబిలీన్‌లోని వైలీ హైస్కూల్‌ని టెక్సస్ రాష్ట్ర చాంపియన్‌గా నిలబెట్టాడు. టెక్సస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ రాష్ట్ర టైటిల్ అంటే ఊరు ఊరంతా సెలవు పెట్టుకునే వ్యవహారం. అయినా పై స్థాయి కాలేజీల్లో అతనికి స్కాలర్‌షిప్ ఇస్తామన్నది ఒకే ఒక్కటి, హ్యూస్టన్. పొడవు ఆరడుగుల ఒక అంగుళం, భుజబలం ఓ మోస్తరు, చూడగానే నోరు తెరిచేలా ఉండే శరీరం కాదు. టెక్సస్‌లో అంతకన్నా ఏపుగా ఎదిగిన క్వార్టర్‌బ్యాక్‌లు ప్రతి జిల్లాలోనూ దొరుకుతారు. అప్పటి హ్యూస్టన్ కోచ్ ఆర్ట్ బ్రైల్స్‌కి మాత్రం అతనిలో ఏదో నచ్చింది.

2006లో చేరాడు. ఆ ఏడాది కెవిన్ కోల్బ్ అనే సీనియర్ క్వార్టర్‌బ్యాక్ ఉండటంతో ఇతన్ని రెడ్‌షర్ట్‌గా పక్కన కూర్చోబెట్టారు. రెడ్‌షర్ట్ అంటే జట్టుతో ప్రాక్టీస్ చేయొచ్చు, మ్యాచ్‌లు ఆడకుండా ఆ సీజన్‌ని మిగుల్చుకోవచ్చు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

హ్యూస్టన్ అప్పటికే పెద్ద జట్టా?

ఒకప్పుడు పెద్దదే. 1989లో ఇక్కడి క్వార్టర్‌బ్యాక్ ఆండ్రే వేర్ దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు, మరుసటి ఏడాది డేవిడ్ క్లింగ్లర్ ఒకే మ్యాచ్‌లో 11 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు. ఆ తర్వాత పతనం మొదలైంది, 2001లో ఆడిన 11 మ్యాచ్‌లూ ఓడిపోయింది. బ్రైల్స్ వచ్చాక లేచి నిలబడింది గానీ, 1980 తర్వాత ఒక్క బౌల్ మ్యాచ్ (సీజన్ చివర బాగా ఆడిన జట్లని పిలిచి ఆడించేది) కూడా గెలవలేదు. ఆ కరువు తీరింది కీనమ్ హయాంలోనే, 2008 సీజన్ చివర ఎయిర్ ఫోర్స్ అకాడమీ జట్టుని 34-28తో ఓడించినప్పుడు.

రాబర్ట్ గ్రిఫిన్‌కీ కీనమ్‌కీ ఏదో సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే, నాకు ఈ కథ మొత్తంలో బాగా ఇష్టమైన మలుపు ఇదే. 2007లో కీనమ్ ఇంకా పూర్తి స్థాయి క్వార్టర్‌బ్యాక్ కూడా కాదు, ఆల్ పేనా అనే ఇంకో కుర్రాడితో పంచుకుంటున్నాడు. ఆ ఏడాది అతని లెక్క 2,259 యార్డులు, 14 టచ్‌డౌన్లు, 10 ఇంటర్‌సెప్షన్లు (అవతలి జట్టు పట్టేసిన పాస్‌లు), అంటే మామూలే. అదే సమయంలో కొపెరస్ కోవ్ హైస్కూల్ నుంచి రాబర్ట్ గ్రిఫిన్ అనే చిరుత లాంటి కుర్రాడు బ్రైల్స్ కోసం హ్యూస్టన్‌కే వస్తానని మాటిచ్చాడు. అంతలో బ్రైల్స్‌ని బేలర్ యూనివర్సిటీ తీసుకెళ్లిపోయింది, కోచ్‌తో పాటే గ్రిఫిన్ కూడా బేలర్ బాట పట్టాడు.

బ్రైల్స్ ఉండిపోయి ఉంటే 2008లో కీనమ్‌కి పోటీగా గ్రిఫిన్ దిగేవాడు. అప్పుడు ఈ రికార్డు పుట్టేదా లేదా అన్నది ఎవరి ఊహ వాళ్లది, నాకైతే డౌటే. చివరికి 2011లో గ్రిఫిన్ హైస్మన్ గెలిచాడు, అదే ఓటింగ్‌లో కీనమ్ ఏడో స్థానంలో ఉన్నాడు.

అన్ని యార్డులు ఎలా వచ్చాయి? ఆ ఎయిర్ రెయిడ్ పద్ధతి ఏంటి?

బ్రైల్స్ స్థానంలో కెవిన్ సమ్లిన్ వచ్చాడు. అఫెన్స్ (బంతి చేతిలో ఉన్నప్పుడు దాడి చేసే పక్షం) బాధ్యత డేనా హోల్గర్సన్‌కి ఇచ్చాడు. హోల్గర్సన్ టెక్సస్ టెక్‌లో మైక్ లీచ్ దగ్గర పనిచేసి వచ్చినవాడు, లీచ్ అంటే ఎయిర్ రెయిడ్ గురువుల్లో ఒకడు. సూత్రం చాలా సింపుల్. నలుగురు రిసీవర్లని మైదానం వెడల్పంతా పరిచేస్తారు, ఆటకీ ఆటకీ మధ్య గుమిగూడి మాట్లాడుకోవడం మానేసి గబగబా తర్వాతి స్నాప్‌కి (బంతిని క్వార్టర్‌బ్యాక్‌కి అందించి ఆట మొదలుపెట్టడానికి) వెళ్లిపోతారు, పుస్తకంలో ఎత్తులు కొన్నే ఉంటాయి గానీ వాటిని వందల సార్లు సాధన చేస్తారు.

ఒక ఎత్తు దగ్గర్నుంచి చూద్దాం. నలుగురు రిసీవర్లూ స్నాప్ పడగానే తిన్నగా ముందుకు ఉరుకుతారు. అటువైపు వెనక కాపలా ఉండేది ఇద్దరు సేఫ్టీలు అనుకోండి. నలుగురిని ఇద్దరు కాయలేరు, ఎక్కడో ఒక సందు పడి తీరాలి. కీనమ్ చూడాల్సింది తన రిసీవర్లని కాదు, ఆ సేఫ్టీ భుజాలని. వాడు మైదానం పక్క గీత వైపు తిరిగితే మధ్యలో విసరాలి, మధ్యకి జరిగితే గీత వైపు విసరాలి. ఒకవేళ లోపలి రిసీవర్‌కి ఎదురుగా ఎవడో అడ్డు నిలబడ్డాడంటే ఆ రిసీవర్ ఇక ఉరకకుండా అక్కడే ఆగి వెనక్కి తిరగాలి, ఆ సంగతి ఇతను కూడా అదే క్షణంలో పసిగట్టి అక్కడికే బంతి పంపాలి. రిసీవర్ చేరకముందే బంతి బయల్దేరిపోవాలి. ఇదంతా రెండు మూడు సెకన్లలో అయిపోవాలి, ఎందుకంటే ఎదురుగా నూట ముప్పై కిలోల మనుషులు మీదకొస్తుంటారు.

2009లో అతను 14 మ్యాచ్‌లలో సరిగ్గా 700 పాస్‌లు విసిరాడు. సగటున మ్యాచ్‌కి యాభై. ఒక్కో మ్యాచ్‌లో యాభై సార్లు పైన చెప్పిన నిర్ణయం తీసుకున్నాడని అర్థం.

అయితే అది సిస్టమ్ గొప్పతనం కదా, ఇతని గొప్పతనం ఏముంది?

ఈ మాట పదిహేనేళ్లుగా వింటున్నాను, దీనికి కొంచెం గట్టిగానే జవాబు చెబుతాను. ఎయిర్ రెయిడ్ ఆడిన కాలేజీలు చాలా ఉన్నాయి, ఆ పద్ధతిలో పెరిగిన క్వార్టర్‌బ్యాక్‌లూ బోలెడు మంది ఉన్నారు. 19,217 మాత్రం ఒక్కడికే ఉంది. పైగా హోల్గర్సన్ 2009 తర్వాత ఓక్లహోమా స్టేట్‌కి వెళ్లిపోయాడు. 2011లో అఫెన్స్ చూసింది క్లిఫ్ కింగ్స్‌బరీ. కోచ్ మారినా ఇతని లెక్క తగ్గలేదు, ఇంటర్‌సెప్షన్లు మాత్రం తగ్గాయి. 2009లో 15 ఇచ్చినవాడు 2011లో 603 పాస్‌లు విసిరి ఇచ్చింది అయిదే.

ఇంకో పోలిక కూడా చూడండి. ఇతనికి ముందు పాసింగ్ యార్డుల రికార్డు హవాయి యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ టిమ్మీ చాంగ్‌ది, 17,072 యార్డులు. చాంగ్ కెరీర్‌లో ఇచ్చిన ఇంటర్‌సెప్షన్లు 80, కీనమ్‌వి 46. చాంగ్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, అంత ధైర్యంగా విసిరే మనిషి అరుదు. కానీ అన్ని యార్డులు అంత జాగ్రత్తగా సంపాదించడం వేరే విద్య.

2009లో అంత ఆడి ఆఖర్న ఎందుకు కుప్పకూలారు?

ఆ సీజన్ మొదలైన తీరు చూస్తే ఒళ్లు పులకరిస్తుంది. సెప్టెంబర్‌లో స్టిల్‌వాటర్ వెళ్లి, దేశంలో 5వ ర్యాంకులో ఉన్న ఓక్లహోమా స్టేట్‌ని 45-35తో కొట్టారు. రెండు వారాల తర్వాత సొంత మైదానంలో టెక్సస్ టెక్ వచ్చింది. హ్యూస్టన్ వెనకబడి ఉంది. టెక్ జట్టు టచ్‌డౌన్‌కి ఒక్క యార్డు దూరంలో నాలుగో, అంటే ఆఖరి ప్రయత్నం చేసి ఆగిపోయింది, బంతి హ్యూస్టన్‌కి వచ్చింది. అక్కడి నుంచి, అంటే తన సొంత ఎండ్ జోన్ అంచు నుంచి, కీనమ్ జట్టుని మైదానం ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపించి, 49 సెకన్లు మిగిలుండగా తనే బంతి పట్టుకుని లోపలికి దూరిపోయాడు. 29-28. స్టాండ్స్‌లో ఉన్న విద్యార్థులంతా మైదానంలోకి వచ్చేశారు.

వెంటనే తర్వాతి మ్యాచ్‌లో యూటెప్ (ఎల్ పాసోలోని టెక్సస్ యూనివర్సిటీ) చేతిలో 58-41తో ఓడారు. అదే ఆ జట్టు జబ్బు, అఫెన్స్ కొండంత, డిఫెన్స్ ఏమీ లేదు. కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) ఫైనల్లో ఈస్ట్ కరోలినా 38-32తో గెలిచింది. బౌల్ మ్యాచ్‌లో ఎయిర్ ఫోర్స్ వాళ్లు 47-20తో చితక్కొట్టారు, ఆ రోజు కీనమ్ ఆరు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. అతని కాలేజీ కెరీర్‌లో అంత చెడ్డ రోజు ఇంకోటి లేదు. ఆ ఏడాది మొత్తం 5,671 యార్డులు.

మోకాలు ఎలా పోయింది?

పాస్ విసురుతూ కాదు, టాకిల్ చేయబోయి, అంటే బంతితో పరుగెత్తేవాణ్ని పట్టి పడేయబోయి.

2010 సీజన్ మొదలయ్యేసరికి రికార్డులు అందేంత దూరంలో ఉన్నాయి. రెండో మ్యాచ్ యూటెప్‌తో. ఒక పాస్‌ని అవతలి జట్టువాడు పట్టేశాడు, కీనమ్ వాణ్ని ఆపడానికి పరుగెత్తి తలకి దెబ్బ తగిలించుకున్నాడు. మామూలుగా ఇలాంటప్పుడు క్వార్టర్‌బ్యాక్‌లు పక్కకి తప్పుకుంటారు, కోచ్‌లు చెప్పేది కూడా అదే, ఎందుకంటే పోయిన బంతి కన్నా ఆ కుర్రాడి ఒళ్లు విలువైనది. వారం తిరిగింది, సెప్టెంబర్ 18, కాలిఫోర్నియాలోని రోజ్ బౌల్ స్టేడియం, ప్రత్యర్థి యూసీఎల్‌ఏ. మళ్లీ ఇంటర్‌సెప్షన్. పట్టుకున్నది అకీమ్ ఏయర్స్. మళ్లీ ఇతను వెంటపడ్డాడు. ఈసారి కుడి మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది.

అదే మ్యాచ్‌లో అతని బదులు వచ్చిన కాటన్ టర్నర్‌కి కాలర్‌బోన్ విరిగింది. హ్యూస్టన్ ఆ సీజన్‌ని 5-7తో, అంటే అయిదు గెలిచి ఏడు ఓడి ముగించింది.

తెలివితక్కువ పని అని చాలామంది అన్నారు. తెలివైన పని అని నేనూ అనను. కానీ ఒక తప్పు తనవల్ల జరిగితే దాన్ని అక్కడే సరిచేయాలని ఆగకుండా పరుగెత్తే స్వభావం అతనిది. టెక్సస్ టెక్ మీద 49 సెకన్లప్పుడు గెలిపించింది కూడా అదే స్వభావం. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే ఆ మనిషిలో కుదరదు.

మరి ఆరో సంవత్సరం ఎలా ఇచ్చారు? అది అన్యాయం కాదా?

అప్పటి నియమం ప్రకారం కాలేజీ ఆటగాడికి అయిదేళ్ల గడువులో నాలుగు సీజన్లు. కీనమ్ 2006 రెడ్‌షర్ట్‌లో పోయింది, 2010 మూడు మ్యాచ్‌లకే పోయింది. మామూలుగా అయితే గడువు అయిపోయినట్టే. దెబ్బ తగిలినవాళ్లు అదనపు ఏడాదికి దరఖాస్తు పెట్టుకోవచ్చు గానీ ఆరో ఏడాది తేలిగ్గా రాదు. 2011 జనవరిలో, కాలేజీ క్రీడల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఒప్పుకుంది.

అన్యాయం అనేవాళ్ల వాదన నాకు అర్థమవుతుంది, కానీ లెక్క చూస్తే అది నిలబడదు. అతను నిజంగా ఆడింది నాలుగు సీజన్లు, దాని మీద 2010లో మూడు మ్యాచ్‌లు. ఆ మూడింటిలో వచ్చింది 636 యార్డులు. అవి తీసేసినా 18,581 ఉంటాయి, అప్పటికి అదీ రికార్డే. చాంగ్‌కి కూడా 2001లో దెబ్బ తగిలి ఇలాగే ఒక ఏడాది తిరిగి దక్కింది. ఇంకా వెనక్కి వెళ్తే టై డెట్మర్ లాంటి పాత క్వార్టర్‌బ్యాక్‌లకి జరిగింది అసలైన అన్యాయం, ఎందుకంటే 2002కి ముందు బౌల్ మ్యాచ్‌ల్లో విసిరినవి కెరీర్ లెక్కల్లో కలిపేవాళ్లు కాదు. రికార్డుల గురించి గొడవపడాలంటే ముందు దాని మీద పడాలి.

రికార్డులు ఏ మ్యాచ్‌ల్లో బద్దలయ్యాయి?

2011లో, రెండు మూడు వారాల్లో అన్నీ వరసగా. అక్టోబర్ 22న మార్షల్ మీద మొత్తం అఫెన్స్ రికార్డు, అంటే విసిరినవీ పరుగెత్తినవీ కలిపిన యార్డులది. అక్టోబర్ 27న రైస్ మీద టచ్‌డౌన్ పాస్‌ల రికార్డు, అది అప్పటిదాకా టెక్సస్ టెక్ ఆటగాడు గ్రాహమ్ హారెల్‌ది, 134. నవంబర్ 5న యూఏబీ మీద చాంగ్ యార్డుల రికార్డు.

వీటిలో రైస్ మ్యాచ్ గురించి చెప్పకుండా ఉండలేను. రైస్, హ్యూస్టన్ ఒకే ఊరి కాలేజీలు, మధ్య దూరం కాస్తంతే. ఆ రాత్రి కీనమ్ 534 యార్డులు, తొమ్మిది టచ్‌డౌన్ పాస్‌లు. స్కోరు 73-34. తొమ్మిదిలో అయిదు ప్యాట్రిక్ ఎడ్వర్డ్స్ ఒక్కడే పట్టాడు. ఈ ఎడ్వర్డ్స్ ఎవరంటే, స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరినవాడు. 2008లో మార్షల్ మైదానంలో ఒక పాస్ వెంట పరుగెత్తుతూ ఎండ్ జోన్ దాటి, అక్కడ బ్యాండ్ వాళ్లు నిలిపిన సామాన్ల బండికి గుద్దుకున్నాడు. కాలు విరిగింది. అలాంటివాడు తిరిగి వచ్చి, మోకాలు కుట్టించుకుని వచ్చిన క్వార్టర్‌బ్యాక్ చేతి నుంచి ఒకే రాత్రి అయిదు టచ్‌డౌన్లు అందుకున్నాడు. ఇది తలచుకుంటే ఇప్పటికీ నా కళ్లు చెమరుస్తాయి.

అంత బాగా ఆడి పెద్ద బౌల్‌కి ఎందుకు వెళ్లలేదు?

చివరి మెట్టు మీద జారారు. సీజన్ మొదటి మ్యాచ్‌లోనే, కీనమ్ మోకాలు పోయినప్పటి ప్రత్యర్థి యూసీఎల్‌ఏనే సొంతగడ్డ మీద 38-34తో ఓడించారు. అక్కడి నుంచి పన్నెండుకి పన్నెండు గెలిచారు. ఎస్ఎంయూ మ్యాచ్‌కి ఈఎస్‌పీఎన్ టీవీ వాళ్ల కాలేజ్ గేమ్‌డే కార్యక్రమ బృందం హ్యూస్టన్ క్యాంపస్‌కి వచ్చింది, ఒకప్పుడు పదకొండుకి పదకొండు ఓడిన చోటికి. పెద్ద బౌల్ మ్యాచ్‌లకి జట్లని తేల్చే బీసీఎస్ ర్యాంకుల్లో ఆరో స్థానం. కాన్ఫరెన్స్ ఫైనల్ గెలిస్తే పెద్ద బౌల్ ఖాయం.

డిసెంబర్ 3, సొంత మైదానం రాబర్ట్‌సన్ స్టేడియం. సదరన్ మిస్ (సదరన్ మిసిసిపీ యూనివర్సిటీ) వచ్చి 49-28తో కొట్టేసింది. ఆ వారమంతా కోచ్ సమ్లిన్ వేరే కాలేజీకి వెళ్లిపోతున్నాడన్న వార్తలు నడిచాయి, నిజంగానే కొద్ది రోజుల్లో టెక్సస్ ఏ అండ్ ఎమ్‌కి వెళ్లాడు. దానివల్లే ఓడారని కొందరంటారు. నేను మాత్రం ఆ రోజు సదరన్ మిస్ డిఫెన్స్‌కే మార్కులు వేస్తాను, కీనమ్‌ని అంత కట్టడి చేసినవాళ్లు ఆ ఏడాది ఇంకెవరూ లేరు.

ఆఖరి మ్యాచ్ డాలస్‌లో, 2012 జనవరి 2న, పెన్ స్టేట్‌తో. ఆ డిఫెన్స్ దేశంలో పేరున్నది. కీనమ్ 532 యార్డులు విసిరాడు, 30-14తో గెలిచారు. సీజన్ 13-1. ఆ ఏడాది 5,631 యార్డులు, 48 టచ్‌డౌన్లు.

ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్‌లో ఏ నంబర్‌కి తీసుకున్నారు?

తీసుకోలేదు. ఎన్ఎఫ్ఎల్ అంటే ప్రొఫెషనల్ లీగ్, డ్రాఫ్ట్ అంటే దాని జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లని ఎంచుకోవడం. 2012 డ్రాఫ్ట్‌లో పదకొండు మంది క్వార్టర్‌బ్యాక్‌లని పిలిచారు. ఆండ్రూ లక్, గ్రిఫిన్ దగ్గర మొదలై, మొత్తం 253 మందిలో ఆఖరివాడుగా పిలిచిన చాండ్లర్ హార్నిష్ కూడా క్వార్టర్‌బ్యాకే. ఆ పదకొండులో కీనమ్ పేరు లేదు. పొట్టి అన్నారు, చేతిలో బలం చాలదన్నారు, కోసిన మోకాలన్నారు, సిస్టమ్ అన్నారు. రంజీలో పరుగుల వరద పారించినా సెలెక్టర్ల ఫోన్ రాని బ్యాట్స్‌మన్‌ని మనం చాలామందిని చూశాం, ఇదీ అలాంటిదే.

చివరికి ఊళ్లోనే ఉన్న ఎన్ఎఫ్ఎల్ జట్టు హ్యూస్టన్ టెక్సన్స్ పిలిచి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో (సాధనలో మాత్రమే పాల్గొనే బృందంలో) పెట్టుకుంది.

తర్వాత ఎన్ఎఫ్ఎల్‌లో ఏమైనా చేశాడా?

చేశాడు, అయితే వంకరటింకర దారిలో. 2013లో టెక్సన్స్ తరఫున ఎనిమిది మ్యాచ్‌లు స్టార్ట్ చేసి, అంటే మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా దిగి, ఎనిమిదీ ఓడాడు. ఆ జట్టే 2-14తో మునిగింది, నింద అంతా అతని మీద వేయలేం. తర్వాత సెయింట్ లూయిస్ రామ్స్, మళ్లీ టెక్సన్స్, మళ్లీ రామ్స్. 2015 నవంబర్‌లో బాల్టిమోర్ మీద తల నేలకి బలంగా కొట్టుకుని, లేవలేక తూలుతూ కూడా ఆటలో ఉండిపోయాడు. అప్పుడు అతన్ని బయటికి తీయాల్సినవాళ్లు తీయలేదు. దాని మీద పెద్ద రగడ జరిగి, మరుసటి ఏడాది తలదెబ్బల నియమాలు పాటించని జట్లకి జరిమానాలు వేసే పద్ధతి తెచ్చారు. అతని మొండితనం నాకు ఇష్టమే గానీ, ఆ వీడియో మాత్రం చూడలేను.

2017లో మిన్నెసోటా వైకింగ్స్‌కి బ్యాకప్‌గా వెళ్లాడు. మొదటి క్వార్టర్‌బ్యాక్ సామ్ బ్రాడ్‌ఫర్డ్ మోకాలు సహకరించకపోవడంతో పగ్గాలు ఇతని చేతికొచ్చాయి. స్టార్ట్ చేసిన పద్నాలుగులో పదకొండు గెలిచాడు.

మినియాపొలిస్ మిరకిల్ అంటే అదేనా?

అదే. వైకింగ్స్‌తో ఆ సీజన్‌లోనే, 2018 జనవరి 14, ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్, ప్రత్యర్థి న్యూ ఓర్లీన్స్ సెయింట్స్. సగం ఆటకి 17-0 ఆధిక్యంలో ఉన్న వైకింగ్స్ దాన్ని పోగొట్టుకుని చివరికి 24-23తో వెనకబడ్డారు. పది సెకన్లు మిగిలాయి, టైమవుట్లు లేవు, బంతి తమ సొంత 39 యార్డుల గీత దగ్గర. అనుకున్నది ఏంటంటే, గీత పక్కన రిసీవర్‌కి అందించి, వాడు బయటికి అడుగేస్తే గడియారం ఆగుతుంది, అప్పుడు కిక్ కొట్టొచ్చు. కీనమ్ గాల్లోకి లేపాడు, స్టెఫాన్ డిగ్స్ ఎగిరి పట్టాడు, ఆపాల్సిన సేఫ్టీ మార్కస్ విలియమ్స్ గురి తప్పి కింద నుంచి జారిపోయాడు. డిగ్స్ చేయి నేలకి ఆనించి తమాయించుకుని చూస్తే ముందు ఎవరూ లేరు. 61 యార్డులు, టచ్‌డౌన్, 29-24. నిర్ణీత సమయంలో ఆఖరి బంతికి టచ్‌డౌన్‌తో ముగిసిన ప్లేఆఫ్ మ్యాచ్ ఎన్ఎఫ్ఎల్ చరిత్రలో అదే మొదటిది.

వారం తర్వాత ఫిలడెల్ఫియా 38-7తో ఇంటికి పంపించింది. ఆ రోజు ఫిలడెల్ఫియా క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్, 2012 డ్రాఫ్ట్ పదకొండులో ఒకడు. ఆ వేసవిలో వైకింగ్స్ కీనమ్‌ని వదిలేసి భారీ మొత్తం పెట్టి తెచ్చుకున్న కర్క్ కజిన్స్ కూడా అదే పదకొండులో ఒకడు.

ఆ తర్వాత?

డెన్వర్, వాషింగ్టన్, క్లీవ్‌లాండ్, బఫెలో, మళ్లీ టెక్సన్స్, 2025లో షికాగో. 2023 డిసెంబర్‌లో సీజే స్ట్రౌడ్‌కి దెబ్బ తగిలితే ముప్పై అయిదేళ్ల వయసులో టెక్సన్స్ తరఫున దిగి టెన్నెసీని ఓవర్‌టైమ్‌లో 19-16తో ఓడించాడు. ఎవరూ ఎంచుకోని కుర్రాడు పన్నెండో ఏట కూడా లీగ్‌లో ఉన్నాడు, ఆ పదకొండు మందిలో చాలామంది అప్పటికే రిటైరయ్యారు.

కాలేజీ రికార్డులు ఇంకా అతనివేనా?

యార్డులది అతనిదే. టచ్‌డౌన్ పాస్‌లది ఇప్పుడు ఇద్దరిది. హవాయి నుంచి వచ్చిన ఎడమచేతి క్వార్టర్‌బ్యాక్ డిల్లన్ గేబ్రియల్ సెంట్రల్ ఫ్లోరిడా, ఓక్లహోమా, ఆరెగన్ జట్లకి 2019 నుంచి ఆరు సీజన్లు ఆడాడు. పరుగెత్తి చేసినవి కూడా కలిపితే కీనమ్ మొత్తం 178 టచ్‌డౌన్లు, దాన్ని గేబ్రియల్ 2024 నవంబర్‌లో మిషిగన్ మీద దాటేశాడు. పాస్‌లలో మాత్రం సరిగ్గా 155 దగ్గర ఆగాడు. యార్డుల్లో 18,722 దాకా వచ్చి 495 దూరంలో ఉండిపోయాడు. కాలేజీలో అతని ఆఖరి మ్యాచ్ జరిగింది రోజ్ బౌల్ స్టేడియంలో, కీనమ్ మోకాలు తెగిన మైదానంలోనే.

19,217 ఎప్పటికైనా బద్దలవుతుందా?

కష్టమని నా అభిప్రాయం. గేబ్రియల్‌కి కోవిడ్ వల్ల అందరికీ ఇచ్చిన అదనపు ఏడాది, దెబ్బ వల్ల వచ్చిన ఇంకో ఏడాది కలిసొచ్చాయి. ఇకముందు అలా రెండూ ఒకరికి దొరకడం అరుదు. బాగా విసిరేవాడు మూడేళ్లకే డ్రాఫ్ట్‌కి వెళ్లిపోతాడు, వెళ్లనివాడు జట్లు మారుతూ ఉంటాడు, ప్రతిచోటా కొత్త రిసీవర్లతో మళ్లీ మొదటి నుంచి లయ కుదుర్చుకోవాలి. మరోవైపు కాలేజీల్లోనే ఇప్పుడు డబ్బు బాగా వస్తోంది కాబట్టి నాలుగైదేళ్లు ఉండిపోయేవాళ్లు పెరగొచ్చు, ఎన్‌సీఏఏ గడువు నియమాల మీద కోర్టుల్లో కేసులు కూడా నడుస్తున్నాయి. రికార్డుకి ప్రమాదం వస్తే అటు నుంచే వస్తుంది.

మా అబ్బాయి యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో చేరాడు. ఆ మైదానం చూడొచ్చా?

రాబర్ట్‌సన్ స్టేడియం లేదు, 2012 సీజన్ తర్వాత పడగొట్టారు. అదే స్థలంలో కొత్తది కట్టి 2014లో తెరిచారు. జట్టు 2023 నుంచి బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో ఆడుతోంది, అంటే ఇప్పుడు బేలర్, టెక్సస్ టెక్, ఓక్లహోమా స్టేట్ అన్నీ తోటి కాన్ఫరెన్స్ జట్లే. ఎర్ర చొక్కా కొనుక్కుని వెళ్లమనండి.

ఒక్క మ్యాచ్ చూడాలంటే ఏది చూడాలి?

అందరూ మినియాపొలిస్ అంటారు. నేను 2011 సెప్టెంబర్‌లో లూయిజియానా టెక్‌తో ఆడింది చూడమంటాను. ప్రత్యర్థి సొంత మైదానం, మూడో క్వార్టర్‌లో హ్యూస్టన్ 34-7తో వెనకబడి ఉంది. రికార్డులు ఇంకా పడలేదు, మోకాలు నిలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. అక్కడి నుంచి వరసగా నాలుగు టచ్‌డౌన్లు, చివరిది ఎడ్వర్డ్స్‌కి, 35-34. పూర్తి మ్యాచ్ చూసే ఓపిక లేకపోతే మూడో క్వార్టర్ ఆఖరి నుంచి మొదలుపెట్టండి. పిల్లలతో కూర్చుని చూసేటట్టయితే రైస్ మ్యాచ్ పెట్టండి, తొమ్మిది టచ్‌డౌన్లున్న ఆట వాళ్లకి విసుగు రాదు.